వీఎం స్క్రీన్ నల్లబడినా, చిన్నదైనా, మసకబారినా: ఎక్కడ వెతకాలి, ఏం మార్చాలి

వర్చువల్ మెషిన్‌లో (వీఎం, అంటే మీ కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) స్క్రీన్ సరిగా రాకపోతే మన వైపు చాలామంది చేసే మొదటి పని, దాన్ని డిలీట్ కొట్టి మళ్లీ మొదట్నుంచి ఇన్‌స్టాల్ చేయడం. నెల్లూరు ట్రంక్ రోడ్డులో పేజీలు దిద్దే పేజ్‌మేకర్ కోసం ఇంకా విండోస్ ఎక్స్‌పీని వదలని డీటీపీ షాపుల వాళ్లు, ఒంగోలులో సైబర్ సెక్యూరిటీ నేర్చుకుందామని కాలీ లినక్స్ వేసుకున్న ఇంజినీరింగ్ పిల్లలు, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ పోగొట్టుకోలేక విండోస్ 7ని వీఎంలో పెట్టి నడిపే గుమాస్తాలు, అందరిదీ ఇదే దారి. సగం రోజు పోతుంది, డౌన్‌లోడ్‌కి డేటా పోతుంది, చివరికి అదే చిన్న చదరపు స్క్రీన్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఎందుకంటే తప్పు విండోస్‌దీ కాదు, ఉబుంటు లాంటి లినక్స్‌దీ కాదు.

విషయం ఇంతే. మీ అసలు కంప్యూటర్‌ని హోస్ట్ అంటాం, లోపల నడిచేదాన్ని గెస్ట్ అంటాం. గెస్ట్‌కి మీ అసలు గ్రాఫిక్స్ కార్డు కనపడదు. వర్చువల్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒక ఉత్తుత్తి కార్డుని తయారు చేసి దానికి చూపిస్తుంది, ఆ కార్డుకి తగ్గ డ్రైవర్ గెస్ట్ లోపల ఉండాలి. కార్డు ఒక రకం, డ్రైవర్ ఇంకో రకం అయితే తాళం ఒకటి, తాళంచెవి ఇంకోటి అన్నట్టే. నేను చూసిన స్క్రీన్ గొడవల్లో ఎక్కువ భాగం ఈ రెంటికీ పొత్తు కుదరనివే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం కీబోర్డు మీద తెలియకుండా నొక్కిన ఒక బటన్, దాని సంగతి కాసేపట్లో.

ఇక్కడ ఎక్కువగా వర్చువల్‌బాక్స్ గురించే రాస్తున్నా, మన దగ్గర అందరూ వాడేది అదే కాబట్టి. వీఎంవేర్, హైపర్-వీ, కేవీఎం లాంటి వేరే వీఎం సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ల కోసం కిందకి వచ్చాక కొంచెం ఉంది.

ముందు చీకటి ఎక్కడ మొదలైందో చూడండి

వీఎంని రీస్టార్ట్ కాదు, పూర్తిగా ఆపి, మళ్లీ స్టార్ట్ కొట్టి కళ్లార్పకుండా చూడండి. మొదట వర్చువల్‌బాక్స్ బొమ్మ రావాలి, తర్వాత విండోస్ అయితే తిరిగే చుక్కలు, లినక్స్ అయితే గ్రబ్ మెనూ (బూట్ మొదట్లో వచ్చే జాబితా) రావాలి, ఆ తర్వాత లాగిన్.

మొదటి బొమ్మే రాలేదంటే గెస్ట్ ఇంకా మొదలే కాలేదు, కాబట్టి లోపల ఏం గెలికినా లాభం లేదు. వీఎం సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్లి 3డీ యాక్సిలరేషన్ టిక్ తీసేయండి, హోస్ట్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ని అప్‌డేట్ చేయండి. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఈ రెంటితోనే చాలాసార్లు సర్దుకుంటుంది. బొమ్మ వచ్చి, లాగిన్‌కి ముందు నల్లబడితే గెస్ట్ డ్రైవర్‌కీ ఉత్తుత్తి కార్డుకీ పడలేదని అర్థం. లాగిన్ కూడా వచ్చి, పాస్‌వర్డ్ కొట్టాక నల్లబడితే డెస్క్‌టాప్ దగ్గర చిక్కు, లేదా గెస్ట్ డిస్క్ నిండిపోయింది.

ఇందులో ఒక మెలిక ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా కూతపెడుతుంటే చాలామంది సేవ్ స్టేట్ కొట్టి మూసేస్తారు. అలా మూసిన వీఎంని మళ్లీ తెరిస్తే అది బూట్ అవ్వదు, ఆగిన చోట నుంచే లేస్తుంది, కాబట్టి పైన చెప్పిన బొమ్మలేవీ రావు. పైగా సేవ్ అయి ఉన్నంతసేపు సెట్టింగ్స్‌లో ముఖ్యమైనవన్నీ బూడిద రంగులో ఉండి మారవు, "ఈ ఆప్షన్ పనిచేయడం లేదేంది" అని జుట్టు పీక్కుంటారు. ముందు తెరిచి చూడండి, నల్లగానే ఉంటే మెషిన్ మెనూలో ఏసీపీఐ షట్‌డౌన్ కొట్టి కాసేపు ఆగండి, తనంతట తనే మూసుకుంటే అదృష్టం. అప్పటికీ కదలకపోతే పవర్ ఆఫ్, అసలు తెరుచుకోవడమే లేదంటే డిస్కార్డ్ సేవ్డ్ స్టేట్. రెండూ నడుస్తున్న కంప్యూటర్ ప్లగ్గు పీకేయడంతో సమానం, సేవ్ చేయని ఫైల్ పోతుంది. డిస్క్ మీద ఉన్నవి ఉంటాయి.

ఏదైనా మార్చే ముందు ఒక స్నాప్‌షాట్ (తేడా వస్తే వీఎంని వెనక్కి తెచ్చుకునే గుర్తు) తీసి పెట్టుకోండి. ఖర్చు లేని పని.

"స్క్రీన్ నడిమధ్యలో చిన్న చదరంలా వస్తోంది"

అందరూ అడిగేది ఇదే. విండో ఎంత లాగినా లోపలి బొమ్మ 800×600 దగ్గరో 1024×768 దగ్గరో కదలకుండా కూర్చుంటుంది, చుట్టూ నల్లటి అంచు.

కారణం: గెస్ట్ అడిషన్స్ (ఉత్తుత్తి కార్డుకి తగ్గ డ్రైవర్లుండే మూట, గెస్ట్ లోపల వేసుకోవాలి) లేవు, లేదా ఉన్నా పాతబడ్డాయి. విండోస్ గెస్ట్ అయితే డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూడండి, అక్కడ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

పరిష్కారం: వీఎం నడుస్తుండగా డివైసెస్ మెనూలో అడుగున ఉండే ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్ నొక్కండి. గెస్ట్‌లో మై కంప్యూటర్ తెరిస్తే సీడీ డ్రైవ్ కనపడుతుంది, అందులోని విండోస్ అడిషన్స్ ఫైల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, రీస్టార్ట్ చేయండి. సీడీ డ్రైవే లేదని వస్తే వీఎం ఆపి, స్టోరేజ్ సెట్టింగ్స్‌లో ఒక ఆప్టికల్ డ్రైవ్ కలిపి మళ్లీ ప్రయత్నించండి. రీస్టార్ట్ అయ్యాక వ్యూ మెనూలో ఆటో-రీసైజ్ గెస్ట్ డిస్‌ప్లే టిక్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే డ్రైవర్ ఎంత మంచిదైనా విండోతో పాటు బొమ్మ సాగదు.

వర్చువల్‌బాక్స్‌ని అప్‌డేట్ చేసిన ప్రతిసారీ లోపల అడిషన్స్ కూడా అప్‌డేట్ చేయాలి, ఈ సంగతి సగం మందికి గుర్తుండదు. ఏ వెర్షన్ ఉందో తెలుసుకోవాలంటే మెషిన్ మెనూలో సెషన్ ఇన్ఫర్మేషన్ తెరవండి, అక్కడ అడిషన్స్ వెర్షన్, గెస్ట్ స్క్రీన్ సైజు రెండూ ఒకేచోట కనపడతాయి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు "స్క్రీన్ రావట్లేదన్నా" అని ఫోటో పెట్టే బదులు ఆ పేజీ ఫోటో పెడితే అవతలివాళ్లకి అరగంట మిగులుతుంది.

అడిషన్స్ వేసినా మారలేదా? అప్పుడు కార్డు రకం చూడాలి. సెట్టింగ్స్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ కంట్రోలర్. విండోస్ 7, ఆపైవాటికి వీబాక్స్‌ఎస్‌వీజీఏ. లినక్స్‌కి వీఎంఎస్‌వీజీఏ. ఎక్స్‌పీ లాంటి పాతవాటికి వీబాక్స్‌వీజీఏ. వీఎం తయారు చేసేటప్పుడు ఓఎస్ రకం సరిగా ఎంచుకుంటే ఇవి వాటంతట అవే పడతాయి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన వీఎంని తెచ్చి పెట్టుకున్నప్పుడో, విండోస్ వేస్తూ రకం దగ్గర "అదర్" అని వదిలేసినప్పుడో తేడా వస్తుంది. 7.1 వెర్షన్ నుంచి సెట్టింగ్స్ కిటికీలో బేసిక్, ఎక్స్‌పర్ట్ అని రెండు ఉన్నాయి, వెతికే ఆప్షన్ కనపడకపోతే ఎక్స్‌పర్ట్ నొక్కండి.

వీడియో మెమరీ గురించి ఒక మాట. 1920×1080 స్క్రీన్‌కి ఒక్కో చుక్కకి 4 బైట్లు వేసుకుంటే మొత్తం 8 ఎంబీ చిల్లర, 4కే స్క్రీన్‌కైతే 33 ఎంబీ చిల్లర. అంటే 16 ఎంబీతో ఒక మామూలు స్క్రీన్ నడిచిపోతుంది, 4కే నడవదు. రెండు మానిటర్లు పెట్టినా, 3డీ ఆన్ చేసినా ఇంకా కావాలి, అందుకే ఈ రోజుల్లో గీతని చివరిదాకా లాగి 128 పెట్టేయమంటాను. కానీ అలా పెడితే వీఎం స్పీడ్ పెరుగుతుందని చెప్పేది వట్టిమాట.

ఎక్స్‌పీలో పేజ్‌మేకర్ నడిపే షాపుల కోసం

ముహూర్తాల సీజన్‌లో వచ్చే ఫోన్లన్నీ వీళ్లవే. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. అను ఫాంట్లతో చేసిన పాత శుభలేఖల ఫైళ్లు వేలల్లో ఉంటాయి కాబట్టి షాపులో విండోస్ 11 మెషిన్ కొన్నా లోపల ఎక్స్‌పీ వీఎం తప్పడం లేదు. నా దృష్టిలో ఇది తెలివైన ఏర్పాటే.

ఎక్స్‌పీలో లక్షణం: స్క్రీన్ 640×480లో, రంగులు వెలిసిపోయినట్టు, పేజ్‌మేకర్ టూల్ పెట్టెలు స్క్రీన్ బయటికి పోయి ఉంటాయి. మందు పైదే, వీబాక్స్‌వీజీఏ కంట్రోలర్ పెట్టి అడిషన్స్ వేయడం. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఈ డ్రైవర్ విండోస్ లోగో టెస్ట్ పాస్ కాలేదని బెదిరిస్తుంది, కంటిన్యూ ఎనీవే కొట్టండి. డైరెక్ట్3డీ సపోర్ట్ అని టిక్ అడిగితే వదిలేయండి. పేజ్‌మేకర్‌కి 3డీతో పనిలేదు, 6.1 వెర్షన్ నుంచి వీబాక్స్‌వీజీఏ కార్డుకి 3డీ ఎలాగూ లేదు. తర్వాత డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెట్టింగ్స్‌లో రంగుల్ని 32 బిట్ పెట్టుకోండి.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. ఆ వీఎం నెట్‌వర్క్ అడాప్టర్ టిక్ తీసేసి ఉంచండి, ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్‌లో అటూ ఇటూ మార్చుకోవచ్చు. స్క్రీన్‌తో సంబంధం లేని మాటే గానీ, చెప్పకపోతే ఎవరూ చేయరు.

"సామీ, నిన్నటిదాకా బాగుండింది, పొద్దున చూస్తే మెనూ లేదు, అక్షరాలన్నీ ఉబ్బిపోయుండాయి"

దీనికి నేను ఫోన్‌లోనే ఎదురు అడిగేది ఒకటే: "కాపీ కొట్టేటప్పుడు కంట్రోల్ ఏ చేత్తో నొక్కుతావు?"

వర్చువల్‌బాక్స్‌లో విండోస్, లినక్స్ హోస్ట్‌ల మీద కుడివైపు కంట్రోల్ కీ గెస్ట్‌కి వెళ్లదు. అది హోస్ట్ కీ, అంటే వర్చువల్‌బాక్స్ తన కోసం దాచుకున్న కీ. కుడి కంట్రోల్‌తో సీ నొక్కితే కాపీ అవ్వదు, స్కేల్డ్ మోడ్‌లోకి పోతుంది: మెనూ మాయం, బొమ్మని రబ్బరులా సాగదీసి విండోకి సరిపెడుతుంది, అక్షరాలు మసకేస్తాయి. ఎఫ్ నొక్కితే ఫుల్ స్క్రీన్. ఎల్ నొక్కితే సీమ్‌లెస్ మోడ్, గెస్ట్ డెస్క్‌టాప్ బొమ్మ పోయి దాని కిటికీలు మాత్రం మీ విండోస్ కిటికీల మధ్య తేలుతుంటాయి, చూసినవాడు వైరస్ అనుకుంటాడు. ఎస్ నొక్కితే ఫైల్ సేవ్ కాదు, సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. అన్నిటికంటే మోసం పీ: ప్రింట్ ఇద్దామని నొక్కితే వీఎం పాజ్ అవుతుంది, స్క్రీన్ బూడిద రంగులోకి మారి బిగుసుకుపోతుంది. "వీఎం హ్యాంగ్ అయింది" అని వచ్చే కంప్లైంట్లలో ఇది దొరికినన్నిసార్లు ఇంకేదీ దొరకదు.

బయటపడటం తేలిక. ఏ అక్షరంతో పోయారో కుడి కంట్రోల్‌తో కలిపి అదే అక్షరం మళ్లీ నొక్కితే వెనక్కి వస్తారు. ఏం నొక్కారో గుర్తులేకపోతే కుడి కంట్రోల్, హోమ్ కలిపి నొక్కండి, మాయమైన మెనూ తేలుతుంది, అందులో వ్యూలోకి వెళ్లి టిక్ ఉన్నదాన్ని తీసేయండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే హోస్ట్ కీనే మార్చేయాలి. వర్చువల్‌బాక్స్ మెయిన్ కిటికీలో ఫైల్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్, వర్చువల్ మెషిన్. అక్కడ హోస్ట్ కీ దగ్గర కుడి కంట్రోల్, కుడి షిఫ్ట్ రెండూ కలిపి పెట్టండి, టైపింగ్‌లో పొరపాటున రెండూ కలిపి నొక్కడం అరుదు. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో కుడి కంట్రోల్ తీసేసి ఆ స్థానంలో కోపైలట్ కీ పెట్టారు. వాళ్లకి అసలు హోస్ట్ కీయే ఉండదు, ఫుల్ స్క్రీన్‌లోంచి బయటికి రావడానికి తంటాలు పడతారు. వాళ్లు కూడా ఇక్కడే ఇంకో కీ ఎంచుకోవాలి.

స్కేల్డ్ మోడ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. శుభలేఖ ప్రూఫ్ చూసేటప్పుడు థ లోపలి చుక్క మసకలో కలిసిపోతే అది ధలానే కనపడుతుంది, ప్రింటైన తర్వాత పెళ్లివారు చూస్తారు.

మెనూ ఉంది, సైజు సరిగానే ఉంది, అయినా మసగ్గా ఉంది

ఇది వేరే జబ్బు. హోస్ట్ విండోస్‌లో స్కేలింగ్ 125 శాతమో 150 శాతమో ఉంటుంది, చిన్న స్క్రీన్‌లో ఫుల్ హెచ్‌డీ ఇచ్చే ల్యాప్‌టాప్‌లన్నీ అలానే వస్తాయి. హోస్ట్ ఆ లెక్కన గెస్ట్ బొమ్మని కూడా పెంచి చూపిస్తుంది, అందుకే మసక. వ్యూ మెనూలో వర్చువల్ స్క్రీన్ 1 లోపల స్కేల్ ఎంత ఉందో చూసి 100 శాతం పెట్టండి. బొమ్మ చురుగ్గా వస్తుంది, కాకపోతే అక్షరాలు చీమల్లా అవుతాయి, అప్పుడు గెస్ట్ లోపలి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేలింగ్ పెంచుకోండి. పెంచే పని గెస్ట్ చేయాలి, హోస్ట్ కాదు. తేడా అంతా అక్కడే.

1366×768 ల్యాప్‌టాప్ వాళ్లు గెస్ట్‌లో కూడా 1366×768 పెట్టి విండోలో చూస్తే పక్కన, కింద స్క్రోల్ గీతలు వస్తాయి. టైటిల్ పట్టీకి, మెనూకి, టాస్క్‌బార్‌కి చోటు కావాలి కదా. ఫుల్ స్క్రీన్‌లో వాడండి.

లినక్స్‌లో: "అప్‌డేట్ చేశాక మళ్లీ చిన్నదైపోయింది"

ఉబుంటులోనో కాలీలోనో అడిషన్స్ వేశారు, స్క్రీన్ బాగుంది, రెండు వారాల తర్వాత సిస్టమ్ అప్‌డేట్ కొట్టారు, మళ్లీ మొదటికొచ్చింది. అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ (లినక్స్ గుండెకాయ) వచ్చింది, అడిషన్స్ మాడ్యూల్స్ (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్కలు) పాత కెర్నల్‌కి కట్టినవి, కొత్తదానికి వాటిని మళ్లీ కట్టాలి. కట్టడానికి కావాల్సిన ప్యాకేజీలు ఉంటే ఆ పని మామూలుగా దానంతట అదే జరుగుతుంది. కాబట్టి మొదటిసారే బిల్డ్ ఎసెన్షియల్, నడుస్తున్న కెర్నల్‌కి సరిపోయే లినక్స్ హెడర్స్, ఈ రెండూ వేసి ఆ తర్వాతే అడిషన్స్ వేయండి. హెడర్స్ లేకుండా వేస్తే ఇన్‌స్టాలర్ అంతా అయిపోయినట్టే చెబుతుంది, మధ్యలో ఎక్కడో మాడ్యూల్స్ కట్టడం కుదరలేదని ఒక లైన్ వచ్చి పోతుంది, దాన్ని ఎవరూ చదవరు.

ఉబుంటు రిపోజిటరీలోనే (సాఫ్ట్‌వేర్లు దింపుకునే దాని సొంత గోదాములో) వర్చువల్‌బాక్స్ గెస్ట్ యుటిల్స్, గెస్ట్ ఎక్స్11 అని ప్యాకేజీలున్నాయి. సీడీ నుంచైనా వేయండి, రిపోజిటరీ నుంచైనా వేయండి, రెండూ ఒకదాని మీద ఒకటి మాత్రం వద్దు. కాలీకి రిపోజిటరీ దారే నాకు నచ్చుతుంది. అందులో కెర్నల్ తరచుగా మారుతుంది, సీడీతో వేసుకుంటే అస్తమానం అదే పని.

అన్నీ వేసినా మాడ్యూల్ ఎక్కడం లేదంటే సెక్యూర్ బూట్ చూడండి. 7.0 వెర్షన్ నుంచి వీఎంకి కూడా సెక్యూర్ బూట్ పెట్టుకునే వీలుంది, విండోస్ 11 కోసం తెచ్చారు. లినక్స్ వీఎంలో అది ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్స్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. ప్రాక్టీస్ కోసం పెట్టుకున్న వీఎం అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఆ టిక్ తీసేస్తే సరి.

ఇంకో చిక్కు వేలాండ్, అంటే లినక్స్‌లో కిటికీల్ని తెర మీద గీసే కొత్త పద్ధతి. పాత పద్ధతి పేరు ఎక్సార్గ్. ఉబుంటు 22.04, 24.04లో డెస్క్‌టాప్ మామూలుగా వేలాండ్ మీద నడుస్తుంది, దాని మీద విండో లాగినప్పుడు బొమ్మ సాగడం ఒక్కోసారి కుదరదు. లాగిన్ స్క్రీన్‌లో పేరు నొక్కాక కింద కుడి మూలన పళ్ల చక్రం గుర్తు వస్తుంది, అందులో ఉబుంటు ఆన్ ఎక్సార్గ్ ఎంచుకుని లాగిన్ అయి చూడండి. 25.10లో ఆ ఎంపిక తీసేశారు, అక్కడ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్లి సైజు చేత్తో పెట్టుకోవాలి. ఎక్స్‌ర్యాండర్ కమాండ్‌తో సైజు మార్చండని యూట్యూబ్‌లో చెప్పేవన్నీ ఎక్సార్గ్‌కే, వేలాండ్‌లో కొట్టి రాలేదని బాధపడొద్దు.

బూట్ అయ్యేటప్పుడు వీఎండబ్ల్యూజీఎఫ్ఎక్స్ అంటూ హోస్ట్‌కి లాగ్ మెసేజ్ పంపడం కుదరలేదని ఒక ఎర్రర్ లైన్ వస్తుంది. దాన్ని చూసి టెన్షన్ పడకండి. వీఎంఎస్‌వీజీఏ కార్డు వాడితే వచ్చే మామూలు కూత అది, స్క్రీన్‌కి దానివల్ల ఏమీ కాదు.

లినక్స్‌లో పూర్తి చీకటి

ముందు లోపల ప్రాణం ఉందో లేదో చూడండి. హోస్ట్ కీతో ఎఫ్3 నొక్కితే గెస్ట్‌కి కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కినట్టు చేరుతుంది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలతో లాగిన్ అడిగితే సిస్టమ్ బాగానే ఉంది, పోయింది బొమ్మ మాత్రమే. అక్కడ లాగిన్ అయి డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో డీఎఫ్ కమాండ్‌తో చూడండి. చిన్న డిస్క్‌తో వీఎం చేసి దాన్ని నింపేసినవాళ్లకి లాగిన్ కొట్టగానే చీకటై మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంటుంది. డెస్క్‌టాప్‌కి రాసుకోవడానికి చోటు లేక అది, గ్రాఫిక్స్ తప్పు కాదు. పాత ప్యాకేజీల క్యాష్ శుభ్రం చేస్తే లేస్తుంది.

డిస్క్‌లో ఖాళీ ఉంటే వీఎం ఆపి, 3డీ తీసేసి, కంట్రోలర్ వీఎంఎస్‌వీజీఏ ఉందో లేదో చూసి మళ్లీ స్టార్ట్ చేయండి. అప్పటికీ చీకటేనా, బూట్ మొదట్లోనే షిఫ్ట్ పట్టుకోండి, ఈఎఫ్ఐ వీఎం అయితే ఎస్కేప్ నొక్కండి, గ్రబ్ మెనూ వస్తుంది. మొదటి లైన్ మీద ఇంగ్లీషు e అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే పొడవాటి లైన్ చివర ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ (nomodeset) అని ఒకే మాటగా కలిపి రాసి ఎఫ్10 కొట్టండి. సైజు ఘోరంగా ఉన్నా లోపలికి వెళ్తారు, అడిషన్స్ మళ్లీ వేసుకోవడానికి అది చాలు. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, శాశ్వతంగా రాసి పెట్టుకోవద్దు.

మెరుస్తోంది, ముక్కలవుతోంది, మౌస్ కదిలిన అరక్షణానికి బాణం కదులుతోంది

మెరవడానికి, ముక్కలవడానికి తొంభై పాళ్లు 3డీయే కారణం, తీసి చూడండి. నత్తనడకకి మాత్రం కిటికీ కింద కుడిపక్క గుర్తుల వరసలో ఆకుపచ్చ తాబేలు ఉందేమో చూడండి. ఉంటే మీ విండోస్‌లో మైక్రోసాఫ్ట్ సొంత వీఎం సాఫ్ట్‌వేర్ హైపర్-వీ నడుస్తోంది, ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని అది ముందే పట్టుకుంది, వర్చువల్‌బాక్స్ దాని వెనకాల నుంచి పని చేసుకోవాల్సి వస్తోంది. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసి రీస్టార్ట్ చేయండి. అయినా తాబేలు పోకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉండొచ్చు.

ఇక్కడ నా సలహా వేరు. అదే మెషిన్‌లో బ్యాంకు పనులు, జీఎస్టీ పనులు చేస్తుంటే మెమరీ ఇంటెగ్రిటీ తీయొద్దు, తాబేలుతోనే సర్దుకోండి. అది మీ హోస్ట్‌కి రక్షణ. చదువుకునే పిల్లల ల్యాప్‌టాప్ అయితే వాళ్లిష్టం, కాకపోతే డబ్ల్యూఎస్ఎల్ 2, డాకర్ వాడేవాళ్లకి పై టిక్కులు తీస్తే అవి ఆగిపోతాయి.

బొమ్మ ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుపోయి పాజ్ అని చూపిస్తే, పైన చెప్పిన కుడి కంట్రోల్ పీ కాకపోతే, హోస్ట్ డ్రైవ్ నిండిపోయి ఉండొచ్చు. వీఎం డిస్క్ ఫైల్ వాడేకొద్దీ పెరుగుతుంది, డీ డ్రైవ్‌లో చోటు అయిపోగానే వర్చువల్‌బాక్స్ వీఎంని ఆపి నిలబెడుతుంది. ఖాళీ చేసి పాజ్ తీస్తే ఆగిన చోట నుంచే నడుస్తుంది. కంగారుపడి పవర్ ఆఫ్ కొట్టకండి.

వీఎంవేర్, హైపర్-వీ, కేవీఎం వాడేవాళ్లకి

వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితం, దాంతో మన దగ్గర కూడా కొందరు దానికి మారారు. అక్కడ గెస్ట్ అడిషన్స్ బదులు వీఎంవేర్ టూల్స్. లినక్స్‌లో ఓపెన్ వీఎం టూల్స్ ఒక్కటే వేసి స్క్రీన్ సాగడం లేదంటారు, సాగడానికి దాని డెస్క్‌టాప్ ప్యాకేజీ విడిగా వేయాలి. తర్వాత వ్యూలో ఆటోఫిట్ గెస్ట్. చీకటైతే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో యాక్సిలరేట్ 3డీ గ్రాఫిక్స్ టిక్ తీసి చూడటం ఇక్కడా అంతే.

హైపర్-వీలో విండోస్ గెస్ట్‌కి ఎన్‌హాన్స్‌డ్ సెషన్ ఆన్ చేస్తే సైజు అడుగుతుంది, గెస్ట్ హోమ్ ఎడిషన్ అయితే అది రాదు. లినక్స్ గెస్ట్ 1024×768 దగ్గర ఆగిపోతే వీఎంని ఆపి, హోస్ట్ పవర్‌షెల్‌లో సెట్-వీఎంవీడియో కమాండ్‌తో సైజు ఇవ్వాలి. కేవీఎంలో వర్ట్ మేనేజర్ వాడుతుంటే గెస్ట్‌లో స్పైస్ వీడీఏజెంట్ వేసి, వీడియో మోడల్ వర్టియో పెట్టి, వ్యూలో స్కేల్ డిస్‌ప్లే కింద ఆటో రీసైజ్ టిక్ పెట్టండి.

ప్రొజెక్టర్ తీసేశాక కిటికీలు కనపడటం లేదు

కాలేజీ సెమినార్‌లో వీఎంకి రెండు మానిటర్లు పెట్టి ప్రొజెక్టర్ మీద చూపిస్తారు, ఇంటికొచ్చి తెరిస్తే ప్రోగ్రాం టాస్క్‌బార్‌లో ఉంటుంది గానీ స్క్రీన్ మీద ఉండదు. రెండో మానిటర్ ఇంకా ఉందనుకుని గెస్ట్ ఆ కిటికీని అక్కడే తెరుస్తోంది. వీఎం ఆపి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మానిటర్ కౌంట్ 1కి తగ్గించండి. ఆపడం ఇప్పుడు కుదరదంటే, విండోస్ గెస్ట్‌లో ఆ ప్రోగ్రాం మీదికి ఆల్ట్ ట్యాబ్‌తో వెళ్లి, ఆల్ట్ స్పేస్, ఎం నొక్కి, ఏదో ఒక బాణం కీ ఒకసారి నొక్కి మౌస్ కదిపితే కిటికీ మౌస్ గుర్తుకి అతుక్కుని వస్తుంది. ఆల్ట్ ట్యాబ్ గెస్ట్‌కి కాకుండా హోస్ట్‌కి పోతుంటే ముందు వీఎం లోపల ఒకసారి క్లిక్ చేసి, మెయిన్ కిటికీ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కింద ఆటో క్యాప్చర్ కీబోర్డ్ టిక్ ఉందో లేదో చూడండి.